ఆరు గంటల కోర్సు, ఇరవై ఆరు గంటల స్టీరింగు: టెక్సస్‌లో ఒక కొత్త డ్రైవర్ కేసు

అభ్యర్థి వయసు 23. గుంటూరు వైపు నుంచి ఎఫ్-1 వీసా మీద ఎంఎస్ చదవడానికి ఆగస్టు 10న డాలస్ పక్కనున్న రిచర్డ్‌సన్‌లో దిగాడు. ఊళ్లో ఐదేళ్లు బండి నడిపాడు. లైసెన్సు గేర్లున్న టూవీలర్‌కే ఉంది, కారు స్టీరింగు ఎప్పుడూ పట్టలేదు. జనవరి 5న రోడ్డు టెస్టు పాసయ్యాడు. ఈ మధ్యలో ఏ పని ఎప్పుడు జరిగింది, ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది అన్నది ఈ కేసు. ఇది ఒక్క మనిషి ఫైలు కాదు. తెలుగు విద్యార్థుల్లో పదే పదే కనిపించే పరిస్థితుల్ని ఒక అభ్యర్థి చుట్టూ కూర్చాం. తేదీలు లెక్క తెలియడం కోసం పెట్టినవి, నిబంధనలు మాత్రం టెక్సస్‌వే.

టెక్సస్‌లో 18 నుంచి 24 ఏళ్ల మధ్యవాళ్లు మొదటిసారి లైసెన్సు తీసుకోవాలంటే ఆరు గంటల వయోజన డ్రైవర్ కోర్సు తప్పనిసరి. 2010 నుంచి ఈ నియమం ఉంది. కోర్సులకు అనుమతినిచ్చేది టీడీఎల్‌ఆర్ అనే రాష్ట్ర శాఖ, లైసెన్సు ఇచ్చేది డీపీఎస్, అంటే రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ. రెండూ వేరు వేరు సంస్థలని ముందే తెలుసుకోవాలి. కోర్సు పేజీలో ఇబ్బంది వస్తే డీపీఎస్ కౌంటర్లో అడిగి లాభం లేదు. 25 దాటినవాళ్లకు ఆరు గంటల కోర్సు తప్పనిసరి కాదు, డీపీఎస్‌లో రాత పరీక్ష రాస్తే సరిపోతుంది. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చిన గృహిణులు చాలామంది ఈ వర్గంలోకే వస్తారు. అయినా కారు అసలే తెలియని వాళ్లయితే వయసుతో పని లేకుండా కోర్సు చేయమనే చెబుతాం. డీపీఎస్ రాత పరీక్షలో 30 ప్రశ్నలకు 21 సరిగ్గా రావాలి. అది ఇంగ్లీషులో, స్పానిష్‌లో ఉంటుంది, తెలుగులో ఉండదు. ఆన్‌లైన్ కోర్సులోనే ఆ పరీక్ష కలిసి ఉంటుంది కాబట్టి, అందులో పాసైతే కౌంటర్లో మళ్లీ రాయక్కర్లేదు.

ఇక్కడే ఒక పెద్ద అపోహ ఉంది. ఆరు గంటలూ తరగతి పాఠమే, అందులో ఒక్క నిమిషం కూడా కారు ఉండదు. టీనేజర్ల కోర్సులో స్టీరింగు గంటలు విడిగా లెక్కకడతారు, పద్దెనిమిది దాటినవాళ్లకు అలాంటి లెక్క ఏదీ లేదు. సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజున అభ్యర్థికి చట్టం తెలుసు, బ్రేకు ఎంత గట్టిగా నొక్కాలో తెలియదు. ఆ లోటు పూడ్చే పని పూర్తిగా అతని మీదే పడింది.

కోర్సు: నాలుగు రోజులు, రెండు ప్రయత్నాలు

సెప్టెంబర్ 13న మొదలుపెట్టి 16న ముగించాడు. టైమర్ పేజీ పేజీకీ ఉంటుంది, త్వరగా చదివేసినా ఆ సమయం అయ్యేదాకా ముందుకు కదలదు. మధ్యలో నువ్వే చదువుతున్నావా అని తేల్చే సొంత ప్రశ్నలు వస్తాయి: నమోదులో ఇచ్చిన వీధి పేరో, పుట్టిన నెలో అడుగుతారు. అభ్యర్థి మొదటి రెండు రోజులూ ల్యాప్‌టాప్‌ని వంటింట్లో పెట్టి అన్నం వండుకుంటూ పేజీలు తిప్పాడు. ఒక ప్రశ్నకు సమయంలోగా జవాబివ్వకపోవడంతో సెషన్ మూతపడింది, ఆ అధ్యాయం మళ్లీ చేయాల్సొచ్చింది.

పాసుకు 70 శాతం కావాలి. సంకేతాల భాగం మొదటిసారే దాటింది. చట్టాల భాగంలో 64 వచ్చి ఆగిపోయాడు. తప్పులు ఎక్కడ పడ్డాయో చూస్తే మూడు కుప్పలుగా కనిపించాయి.

మొదటిది స్కూల్ బస్సు. ఎర్ర లైట్లు మెరుస్తూ బస్సు ఆగితే వెనక వచ్చేవాళ్లూ ఎదురొచ్చేవాళ్లూ ఆగాలి. బస్సు కదిలేదాకా, లేదా డ్రైవర్ చెయ్యూపేదాకా, లేదా లైట్లు ఆరేదాకా కదలకూడదు. రెండు దారుల మధ్య నిజమైన అడ్డు, అంటే గోడో గడ్డి మెట్టో ఉంటేనే ఎదురు వాహనాలకు మినహాయింపు. మధ్యలో ఎడమ మలుపుల కోసం వేసిన పసుపు గీతల లేన్ అడ్డు కిందికి రాదు. అభ్యర్థి దాన్ని అడ్డుగా లెక్కేశాడు. మొదటి తప్పుకే జరిమానా 500 నుంచి 1,250 డాలర్ల దాకా ఉంటుంది.

రెండో కుప్ప అడుగుల్లో ఇచ్చే దూరాలు. ఇండికేటర్ మలుపుకు 100 అడుగుల ముందు వేయాలి. పార్కింగ్ ఫైర్ హైడ్రంట్‌కు (మంటలార్పే నీటి కొళాయి) 15 అడుగులు, క్రాస్‌వాక్‌కు (నడిచేవాళ్లు దాటే చోటు) 20, స్టాప్ బోర్డుకు 30 అడుగుల లోపల కుదరదు. ఎదురు వాహనం 500 అడుగుల దూరంలో ఉండగానే హై బీమ్ తగ్గించాలి, ముందువాడి వెనక 300 అడుగుల లోపల వెళ్తుంటే అప్పుడూ తగ్గించాలి. అడుగుల మీద మనవాళ్లకు ఊహ ఉండేది ఇంటి స్థలం కొలతలప్పుడే, రోడ్డు మీద కాదు. సంఖ్యలు బట్టీపడితే ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. అందుకని అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నడిచి కొలిపించాం: అతని మామూలు అడుగు రెండున్నర అడుగులు, కాబట్టి వంద అడుగులంటే 40 అంగలు. ఒకసారి ఆ 40 అంగలు వేసినవాడు ఆ ప్రశ్న మళ్లీ తప్పడు.

మూడోది ‘పక్కకు జరుగు’ చట్టం. లైట్లు మెరుస్తూ పోలీసు, అంబులెన్సు, టో ట్రక్ రోడ్డు అంచున ఆగి ఉంటే, వీలుంటే దానికి ఆనుకున్న లేన్ వదిలి పక్క లేన్‌కు వెళ్లాలి. వీలుకాకపోతే వేగ పరిమితి కంటే 20 మైళ్లు తగ్గించాలి. పరిమితి 25 కంటే తక్కువుంటే గంటకు 5 మైళ్లకు దిగాలి. అభ్యర్థి ఆ 20ని ‘గంటకు 20 మైళ్ల వేగం’ అని చదివాడు. హైవే మీద అందరూ 70లో వెళ్తుంటే అలా ఉన్నట్టుండి 20కి పడిపోవడం చాలా ప్రమాదం. ఈ తప్పుకి మూలం చట్టం తెలియకపోవడం కాదు, ఇంగ్లీషు వాక్యాన్ని గబగబా చదవడం. రెండో ప్రయత్నానికి ప్రతి ప్రశ్ననూ ముందు తెలుగులో తన మాటల్లో చెప్పుకుని, ఆ తర్వాతే ఆప్షన్లు చూశాడు. 88 వచ్చింది.

రాష్ట్రం ఇచ్చే డ్రైవర్ హ్యాండ్‌బుక్ ఉచితం, దాన్ని కోర్సుకు ముందే ఒకసారి చదివితే ఈ రెండో ప్రయత్నం అక్కర్లేకపోయేది.

పేరు, తేదీ

తెలుగువాళ్లకు ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడ. అభ్యర్థి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పూర్తి పేరంతా ఒకే గడిలో ఉంది. అమెరికా వీసాలో ఆ పేరంతా ఇంటిపేరు కిందికి పోయి, పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అని అర్థం) వచ్చి కూర్చుంది. కోర్సు నమోదులో అతను ఇంటిపేరుని విడగొట్టి, తనకు నచ్చిన క్రమంలో టైపు చేశాడు. సర్టిఫికెట్ ఆ పేరుతోనే వచ్చింది, వీసాతో కలవలేదు.

పరిష్కారం చిన్నదే. కోర్సు సంస్థకు పాస్‌పోర్టు, వీసా పేజీలు పంపి సవరించిన సర్టిఫికెట్ అడిగాడు, రెండు పనిదినాల్లో ఇచ్చారు. డీపీఎస్ కౌంటర్ దాకా వెళ్లి తెలుసుకుని ఉంటే ఒక అపాయింట్‌మెంట్ పోయేది. నమోదు చేసే ముందు ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు), వీసా, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) మూడూ బల్లమీద పరిచి, అక్షరం అక్షరం ఒకేలా ఉన్నాయో లేదో చూడాలి. ఐ-94లోనే తప్పుంటే ముందు దాన్ని సరిచేయించాలి, ఎందుకంటే డీపీఎస్ వలస హోదాని ‘సేవ్’ అనే కేంద్ర వ్యవస్థలో సరిచూస్తుంది. అక్కడ వివరాలు కలవకపోతే అదనపు పరిశీలనకు పోయి రోజులు పడుతుంది.

తేదీ విషయం కూడా ఇలాంటిదే. జూలై 5న పుట్టినవాడు అలవాటుగా 05/07 అని కొడితే అమెరికా లెక్కలో అది మే 7. తేదీ 12 లోపు ఉంటే కంప్యూటర్ దాన్ని తప్పు అని చూపదు, అదే ఇక్కడి ప్రమాదం.

డీపీఎస్ కౌంటర్, రెండుసార్లు

స్లాటు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. దగ్గర ఆఫీసులో నెలల తర్వాతే దొరికితే, ఆఫీసు తెరిచే వేళకు ఆ రోజు స్లాట్లు వెతకడం, కౌంటీ దాటి చూడడం పనికొచ్చే మార్గాలు.

సెప్టెంబర్ 29న మొదటిసారి వెళ్లినప్పుడు వెనక్కి పంపారు. టెక్సస్ నివాసానికి రెండు రుజువులు కావాలి, వాటిలో ఒకటి కనీసం 30 రోజులుగా ఇక్కడున్నట్టు చూపాలి. అతను బ్యాంకు స్టేట్‌మెంట్, అదే బ్యాంకు క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ పట్టుకెళ్లాడు. రెండూ ఒకే చోటు నుంచి వచ్చాయి కాబట్టి ఒకటిగానే లెక్కేశారు. అపార్ట్‌మెంట్ లీజు రూమ్మేట్ పేరు మీద ఉంది. ఇలాంటప్పుడు కలిసి ఉండే వ్యక్తి సంతకంతో ఇచ్చే డీఎల్-5 నివాస ప్రమాణపత్రం ఉపయోగపడుతుంది. అక్టోబర్ 10న లీజులో పేరు చేర్పించుకుని, లీజు, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకెళ్లాడు, పని అయింది.

వాటితో పాటు ఇచ్చినవి: పాస్‌పోర్టు, వీసా, ఐ-94, ఐ-20, కోర్సు సర్టిఫికెట్, నింపిన డీఎల్-14ఏ దరఖాస్తు. ఉద్యోగం లేని విద్యార్థికి సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు. లేదని కౌంటర్లో ప్రమాణపత్రం రాసిచ్చాడు. రుసుము 33 డాలర్లు. కళ్ల పరీక్ష, వేలిముద్రలు, ఫోటో అయ్యాక లర్నర్ కాగితం, అంటే నేర్చుకోవడానికి అనుమతి, చేతికిచ్చారు. ఈ దరఖాస్తు మీద రోడ్డు టెస్టుకు 90 రోజుల్లో మూడు ప్రయత్నాలే ఉంటాయి. అవి అయిపోతే మళ్లీ దరఖాస్తు, మళ్లీ రుసుము. అక్టోబర్ 10 నుంచి లెక్కేస్తే జనవరి 8 గడువు. ఈ తేదీని గోడ మీద రాయించాం.

పక్కన ఎవరు కూర్చోవాలి

లర్నర్ ఉన్నవాడు ఒంటరిగా నడపకూడదు. ముందు సీట్లో 21 ఏళ్లు నిండి, లైసెన్సు ఉండి, కనీసం ఏడాది నడిపిన అనుభవం ఉన్న మనిషి ఉండాలి. రూమ్మేట్ కారుంది, తీసుకెళ్తానన్నాడు, కానీ అతనికి లైసెన్సు వచ్చి ఐదు నెలలే. అంతకు ముందు నడిపిన అనుభవమూ లేదు. విద్యార్థి ఇళ్లలో ఇది చాలా మామూలుగా జరిగే ఉల్లంఘన. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట అడిగేది ఇదే. ప్లేనోలో ఉంటున్న పెదనాన్న కొడుకు మూడేళ్లుగా నడుపుతున్నాడు, శనాదివారాలు ఆయనే పక్కన కూర్చున్నాడు. ఆయన బీమా సంస్థకు ముందే ఫోన్ చేసి, అనుమతితో నడిపే లర్నర్‌కు పాలసీ వర్తిస్తుందని నిర్ధారించుకున్నాకే తాళాలిచ్చాడు. అద్దె కార్ల ఆలోచన పెట్టుకోకూడదు, లర్నర్‌కు ఇవ్వరు.

మొత్తం 26 గంటలు నడిపాడు. అందులో 6 గంటలు డ్రైవింగ్ స్కూలు శిక్షకుడితో, 20 అన్నయ్యతో. పంపకం ఇలా ఉంది: ఖాళీ పార్కింగ్ స్థలంలో 5, ఇళ్ల వీధుల్లో 9, సిగ్నళ్లున్న పెద్ద రోడ్లలో 6, ఫ్రీవేలో 3, చీకట్లో వానలో 3. స్కూలు గంటల్ని మొదట్లో ఖర్చుపెట్టకుండా, పార్కింగ్ తర్వాతి ప్రతి దశ మొదట్లో ఒకటి, టెస్టుకు ముందు రెండు వాడుకున్నాడు. మొదటి ఐదు గంటలు పార్కింగ్ స్థలంలో తిప్పడానికి డబ్బిచ్చి శిక్షకుణ్ణి పెట్టుకోనక్కర్లేదు.

బండి నుంచి కారుకి

బండి అనుభవం కొంత సాయం చేస్తుంది: వేగం అంచనా, ఎదుటివాడి కదలికను పసిగట్టడం ఉంటాయి. కానీ మూడు అలవాట్లు వెంట వచ్చాయి, వాటిని విడిచిపెట్టడానికే ఎక్కువ గంటలు పట్టాయి.

ఒకటి కాళ్లు. బండి నుంచి వచ్చినవాడు ఆటోమేటిక్ కారులో ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద పెట్టేస్తాడు. కంగారులో రెండూ నొక్కుతాడు. మడమ నేల మీద ఆనించి, కుడి పాదాన్నే తిప్పుతూ రెంటినీ వాడాలి, ఎడమ పాదం పక్కనున్న ఆసరా మీదే ఉండాలి. పార్కింగ్ స్థలంలో మొదటి గంటంతా ఇదే: గంటకు 10 మైళ్లకు తీసుకెళ్లి, అనుకున్న గీత దగ్గర కుదుపు లేకుండా ఆపడం, ముప్పై సార్లు.

రెండోది కారులో కూర్చునే చోటు. డ్రైవర్ ఎడమవైపున ఉంటాడు, కారు దేహమంతా కుడికి విస్తరించి ఉంటుంది. కొత్తవాడికి తానే లేన్ మధ్యలో ఉండాలనిపిస్తుంది, దాంతో కారు కుడికి జరిగి కర్బ్‌కి (రోడ్డంచు గట్టుకి) రాసుకుపోతుంది. చూపు బానెట్ మీద కాకుండా లేన్ చివర దూరంగా ఆనించమన్నప్పుడు సగం సర్దుకుంది. మిగతా సగం అద్దాల్లో రెండు గీతలూ సమానంగా కనిపించేలా చూసుకోవడంతో కుదిరింది.

మూడోది, ప్రాణం మీదికి తెచ్చేది: చూపు ముందు ఎటు వెళ్తుంది అన్నది. మన రోడ్డు దాటేటప్పుడు మొదటి బండి కుడివైపు నుంచి వస్తుంది, చిన్నప్పటి నుంచి తల కుడికే తిరుగుతుంది. అమెరికాలో మొదటి ప్రమాదం ఎడమ నుంచి. అభ్యర్థి కుడి మలుపులన్నిటిలో కుడికే చూసి కదిలాడు. పక్కనున్నవాడు బ్రేకు కోసం కాళ్లు బిగించుకున్న సందర్భాలన్నీ ఇలాంటివే. ‘ఎడమ, కుడి, మళ్లీ ఎడమ’ అని నోటితో పైకి చెబుతూ కదలమన్నాం. రెండు వారాలు పట్టింది.

లేన్ మారేటప్పుడు ముందు అద్దం, తర్వాత ఇండికేటర్, తర్వాత భుజం మీదుగా చూపు, ఆ తర్వాతే స్టీరింగు. కుడివైపు అద్దం ఉబ్బెత్తు గాజు, అందులో వెనక వాహనం ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది, కేవలం దాన్ని నమ్మి మారకూడదు. ముందువాడితో దూరం హ్యాండ్‌బుక్ లెక్క ప్రకారం 30 మైళ్ల లోపు రెండు సెకన్లు, ఆ పైన నాలుగు. ఇది చిన్న దూరం కాదు: 70 మైళ్ల వేగంలో కారు సెకనుకు 103 అడుగులు పోతుంది, నాలుగు సెకన్లంటే 410 అడుగులు పైనే. ట్రాఫిక్‌లో అంత ఖాళీ వదిలితే ఎవరో ఒకరు చొరబడతారు, అప్పుడు మళ్లీ వదలాలి, విసుక్కోకూడదు.

ప్యారలల్ పార్కింగ్‌ను అందరూ భయపడేదానికంటే తక్కువ సమయంలో నేర్చుకున్నాడు, సుమారు గంటన్నర. ముందు కారుకు పక్కగా రెండు మూడు అడుగుల దూరంలో, వెనక బంపర్లు సరిసమానంగా వచ్చేలా ఆపాలి. స్టీరింగు పూర్తిగా కుడికి, మెల్లగా వెనక్కి. కారు 45 డిగ్రీల వాలుకు రాగానే స్టీరింగు నిటారు. ముందు బంపర్ ముందు కారు వెనక భాగాన్ని దాటగానే పూర్తిగా ఎడమకి. కర్బ్‌కు 18 అంగుళాల లోపల ఆగాలి. చక్రం తగిలిందంటే ఎక్కువ సార్లు కారణం ఒక్కటే: 45 డిగ్రీలు దాటేదాకా ఆగడం.

రోడ్డు టెస్టు

రోడ్డు టెస్టుకు ముందు 18-24 ఏళ్లవాళ్లు ‘ఇంపాక్ట్ టెక్సస్ యంగ్ డ్రైవర్స్’ అనే ఉచిత వీడియో పూర్తిచేయాలి, గంట పడుతుంది. 25 పైవాళ్లకు అలాంటి పెద్దల వీడియో ఉంది. ఆ సర్టిఫికెట్ 90 రోజులే చెల్లుతుంది. అభ్యర్థి అతిఉత్సాహంగా సెప్టెంబర్ 20నే చూసేశాడు. టెస్టు స్లాటు డిసెంబర్ 23న దొరికింది. డిసెంబర్ 19కే అది గడువు దాటింది. 21న కాగితాలు సర్దుతున్నప్పుడు ఈ లెక్క బయటపడింది, ఆ రాత్రే మళ్లీ చూసి కొత్తది తీసుకున్నాడు. గడువు దాటిన కాగితంతో వెళ్తే టెస్టు పెట్టరు. టెస్టు తేదీ దొరికాక, దానికి వారం ముందు చూడడమే సరైన వరస.

కారు పరీక్ష కూడా ఉంటుంది. చెల్లే రిజిస్ట్రేషన్, బీమా కాగితం, పనిచేసే ఇండికేటర్లు, బ్రేకు లైట్లు, హారన్, అద్దాలు, సీటు బెల్టులు చూస్తారు. ఒక బ్రేకు లైటు వెలగకపోతే ఎంత బాగా నడిపేవాడైనా ఇంటికే. అన్నయ్య కారులో ముందురోజు రాత్రి ఇవన్నీ వెలిగించి చూశారు.

వందకు 70 నిలుపుకుంటే పాస్, అంటే 30 పాయింట్ల దాకా పోవచ్చు. కానీ చట్టం ఉల్లంఘిస్తే, ప్రమాదకరంగా నడిపితే పాయింట్ల లెక్కే లేదు, అక్కడికక్కడే ఆపేస్తారు. డిసెంబర్ 23న నాలుగు నిమిషాల్లో ముగిసింది. ఎర్ర సిగ్నల్ దగ్గర కుడికి తిరగడం చట్టబద్ధమే, పూర్తిగా ఆగాక. అతను గీత దగ్గర వేగం బాగా తగ్గించి, చక్రాలు ఆగీఆగకుండా, క్రాస్‌వాక్ మీదికి జారాడు. ‘ఆగాను కదా అన్నా’ అన్నాడు ఇంటికొచ్చి, మనస్ఫూర్తిగా. అతని దృష్టిలో ఆగాడు. ఊళ్లో బండి మీద వేగం తగ్గించి కాలు దింపబోవడమే ఆగడం.

ఆ పదమూడు రోజుల్లో మిగతావన్నీ పక్కనపెట్టి ఇది ఒక్కటే చేయించాం. ఆగడాన్ని చెవితో, వెన్నుతో తెలుసుకోమన్నాం: కారు చివర్లో కొద్దిగా వెనక్కి ఊగుతుంది, ఆ ఊగు తెలిసేదాకా ఆగినట్టు కాదు. ఆ ఊగు తర్వాత మూడు అంకెలు లెక్కపెట్టాలి. గీత దగ్గర పక్క రోడ్డు కనబడకపోతే ఆ మొదటి ఆగుడు అయ్యాకే మెల్లగా ముందుకొచ్చి రెండోసారి ఆగి చూడాలి. అంగీకారం కోసం పక్కనున్నవాణ్ణి చూడకూడదు. శీతాకాలం సెలవుల్లో క్యాంపస్ వీధులు ఖాళీ. రోజుకు 40 నిమిషాలు, స్టాప్ బోర్డులు, నాలుగు వైపులా స్టాపున్న కూడళ్లు తిప్పించాం. అక్కడ ముందొచ్చినవాడు ముందు, ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపువాడికి దారి. అది అతనికి కోర్సులోనే వచ్చింది, తడబడింది కాలు మాత్రమే.

జనవరి 5న 16 పాయింట్లు పోయి 84తో పాసయ్యాడు. పోయిన పాయింట్లలో సగం లేన్ మారేటప్పుడు భుజం మీదుగా చూడడం ఆలస్యమైనందుకు. ఈసారీ తప్పి ఉంటే మూడో ప్రయత్నానికి దరఖాస్తు గడువు మూడు రోజులే ఉండేది.

వచ్చిన కార్డు మీద ‘లిమిటెడ్ టర్మ్’ అని ఉంటుంది. మామూలు కార్డు ఎనిమిదేళ్లు చెల్లితే, ఇది హోదా ఎంతవరకు ఉంటే అంతవరకే. ఓపీటీకి (చదువయ్యాక పనిచేసే అనుమతికి) మారినప్పుడు కొత్త ఐ-20, పని అనుమతి కార్డు పట్టుకుని మళ్లీ కౌంటర్‌కు వెళ్లి పొడిగించుకోవాలి. అతని ఐ-20 వచ్చే ఏడాది మేలో ముగుస్తుంది. డీపీఎస్ స్లాటు ఫిబ్రవరిలోనే వెతకాలని ఫోన్‌లో గుర్తు పెట్టించాం.